అంతా రాళ్లే గదా బావా!

పోయిన నెల మా చెల్లె, బావ, పిల్లలు లండన్ నుంచి మూడు రోజుల కోసం మాల్టా వచ్చారు. నాకు ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఒక్కరోజు వాళ్లతో తిరిగిన. మిగతా రెండు రోజులు వాళ్లే బస్సెక్కి పోయారు. సముద్రంలో మునిగారు, పడవెక్కారు, ఫోటోలు దిగారు. ఎయిర్‌పోర్టులో బ్యాగులు ఇచ్చేటప్పుడు బావ నవ్వుకుంట అన్నడు: "ఊరు బాగనే ఉంది గని, చూసేటందుకు ఏముంది? అంతా రాళ్లే గదా బావా!"

నేను అప్పుడేం అనలేదు. రూముకు వచ్చినంక రాత్రి నిద్రపట్టలేదు. బావ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఈ దేశంలో ఏడాదంతా పారే నది లేదు, పెద్ద కొండ లేదు, చెప్పుకోతగ్గ అడవి లేదు, బొగ్గు లేదు, ఇనుము లేదు. ఉన్నది రాయి. ఆ రాయి ముచ్చట తెల్వకుంటే మూడు రోజులైనా, మూడేండ్లైనా ఇక్కడ చూసేటందుకు ఏముండదు. అందుకే ఈ పోస్టు. యూరప్ చూద్దామనుకునే అన్నలు, తమ్ముళ్లు, అక్కలు ఎవరైనా మాల్టా టికెట్ కొనేముందు ఓపిక చేసి చదవండి. పెద్దగైంది, ఏమనుకోకండి.

నేను చదివింది పదో తరగతి. చరిత్ర పంతులును కాదు. కాని రాయి అంటే మాత్రం నాకు తెలుసు. మాది తాండూరు దిక్కు. మా నాయిన నాపరాతి గనిలో పనిచేసిండు. బండ మీద సుత్తి కొడితే వచ్చే చప్పుడు విని లోపల పగులు ఉందో లేదో చెప్పేటోడు. మా ఇంటి గచ్చు నాపరాయే, గోడ నాపరాయే, కప్పు కూడా నాపరాళ్లు పరిచిందే. తర్వాత నేను సౌదీలో పదకొండేండ్లు కాంక్రీటు పనిలో ఉన్న. ఇప్పుడు ఆరేండ్ల నుంచి మాల్టాలో సైట్ సూపర్‌వైజర్‌ను.

ముందుగాల భూగోళం చెప్తా, ఎక్కువసేపు పట్టదు. ఇటలీ కింద సిసిలీ ఉంటుంది గదా, దానికి దక్షిణాన 90 కిలోమీటర్ల దగ్గర సముద్రం నడుమ ఉన్న దీవులు ఇవి. పెద్దది మాల్టా, తర్వాత గోజో, రెండింటి నడుమ చిన్న కొమినో. అన్నీ కలిపి 316 చదరపు కిలోమీటర్లు. మన హైదరాబాద్ నగరంలో సగం కూడా కాదు. జనం ఐదు లక్షల పైన. అన్నిటికంటే ఎత్తైన జాగా 253 మీటర్లు, మనూరి గుట్ట అంత. వాన చలికాలంలోనే పడుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆకాశంలో మబ్బుతునక కనపడుడే తక్కువ. జూలై, ఆగస్టులో వచ్చి "యూరప్ అంటే సల్లగుంటదనుకున్నం" అని నన్ను తిట్టొద్దు. మార్చి, ఏప్రిల్ లేకపోతే అక్టోబర్, నవంబర్‌లో రండి.

ఇక రాయి. ఇక్కడి సున్నపురాయిలో రెండు రకాలు ముఖ్యం. ఒకటి గట్టిది, పగడపు రాయి. రెండోది మెత్తది, తేనె రంగుది. దాన్ని ఇక్కడ "ఫ్రాంకా" అంటారు. గనిలోంచి తీసినప్పుడు రంపంతో కొయ్యచ్చు, గొడ్డలితో చెక్కచ్చు. గాలి తగిలినంక పైపొర గట్టిపడుతుంది. మన నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది, ఇది కేకు ముక్కలెక్క దిమ్మెగా వస్తుంది. ఆ దిమ్మెను "కంతూన్" అంటారు. దేశంలో కలప లేదు, దూలాలు ఎక్కడివి? అందుకని గది మీద రాతి కమాన్లు కట్టి, వాటి మీద రాతి పలకలు పరిచి కప్పు వేసేవాళ్లు. నేను మొదటిసారి ఒక పాత ఇల్లు పగలగొట్టే పనికి పోయి లోపల తలెత్తి చూసిన. మా ఇంటి కప్పే! వేల మైళ్ల అవతల, కట్టెకు కరువున్న ఇంకో ఊర్లో, మా నాయిన లాంటోడే ఎవడో అదే ఉపాయం చేసిండు. ఆ రోజు కప్పు పగలగొట్టడానికి నాకు చేతులు రాలేదు. పని పని గదా, పగలగొట్టినం.

ఈ రాయి మీద మొదటి పనివాళ్లు ఎప్పటోళ్లో తెలుసా? గోజో దీవిలో జ్గాంతియా అనే గుడులు ఉన్నాయి. క్రీస్తు పూర్వం 3600 ప్రాంతంలో కట్టినవి. ఈజిప్టు పిరమిడ్లు ఇంకా వెయ్యేండ్ల తర్వాతి మాట. అప్పటికి ఇక్కడ ఇనుము లేదు, రాగి లేదు. చెకుముకి రాయి, జింక కొమ్ము, కట్టె, తాడు, అంతే. అందులో కొన్ని రాళ్లు ఐదు మీటర్ల పైన పొడుగు, 50 టన్నుల పైన బరువు. మా సైటులో క్రేను 50 టన్నులు లేపాలంటే ముందురోజు నుంచే కాగితాలు నడుస్తాయి. ఊరోళ్లు ఇవన్నీ ఒక రాక్షస ఆడామె చంకలో బిడ్డను పెట్టుకొని మోసుకొచ్చిందని కథ చెప్పుకున్నారు. జ్గాంతియా అంటేనే రాకాసిది అని. నాకు ఆ కథ నచ్చింది, ఎందుకంటే చంకలో బిడ్డ, నెత్తి మీద తట్టతో పనిచేసే ఆడోళ్లను నేను మన దగ్గర ప్రతి బిల్డింగు కింద చూసిన.

మాల్టా దీవిలోనే సముద్రం ఒడ్డున హజార్ ఇమ్, మ్నాయ్‌ద్రా అని ఇంకో రెండు ఉన్నాయి. మ్నాయ్‌ద్రాలో పగలు, రాత్రి సమానంగా ఉండే రోజున పొద్దు పొడిచే వెలుగు తిన్నగా పెద్ద గుమ్మంలోంచి లోపలికి పోతుంది. ఇప్పుడు ఎండకు, వానకు పాడవుతున్నాయని పైన పెద్ద డేరాలు వేశారు. ఆ గుడుల దగ్గర గుండ్రటి రాతి గుండ్లు దొరికాయి. వాటి మీద బండలు దొర్లించారని పండితులు అంటారు. బాల్ బేరింగ్ అన్నట్టు.

ఆ గుడులు కట్టినవాళ్లు క్రీస్తు పూర్వం 2500 ప్రాంతంలో మాయమయ్యారు. తర్వాత ఫినీషియన్లు, రోమన్లు వచ్చారు. క్రీస్తు శకం 60 ప్రాంతంలో సెయింట్ పాల్ ఎక్కిన ఓడ ఇక్కడ పగిలిందని బైబిల్లో ఉంది. అందుకే ఇక్కడోళ్లు మేం ఎప్పటినుంచో క్రైస్తవులం అని గర్వంగా చెప్తారు. 870లో అరబ్బులు గెలిచారు. 1091లో నార్మన్ ప్రభువు వచ్చాడు. రాజ్యాలు పోయినా అరబ్బుల భాష మాత్రం పోలేదు.

ఈ ముచ్చట చెప్పకుంటే నాకు మనసున పట్టదు. వచ్చిన మొదటి వారం. నా పక్కన ఒక మాల్టా మేస్త్రీ ఇటుకలు లెక్కపెడుతుండు: "వీహెద్, త్నేన్, త్లీతా, ఎర్బా, హమ్సా..." నేను బిత్తరపోయిన. సౌదీలో మేం "వాహద్, ఇత్నేన్, తలాతా, అర్బా, హమ్సా" అని గదా లెక్కపెట్టింది! సముద్రం బహర్, తలుపు బీబ్, ఇల్లు దార్, రొట్టె హోబ్జ్, సూర్యుడు షెమ్ష్. అన్నీ అరబ్బీ లెక్కనే. రాసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో. ఇటలీ మాటలు కూడా మస్తు కలిసినయి. చర్చిలో దేవుణ్ని పిలిచే మాట "అల్లా". ఈస్టర్‌కు ముందు ఉపవాసాల నెలకు పేరు "రన్‌దాన్", మన రంజానే. మొదటిసారి చర్చిలో విన్నప్పుడు నా పక్కనున్న బంగ్లాదేశ్ తమ్ముడు నా వంక, నేను వాని వంక చూసుకున్నం. గల్ఫ్‌లో చేసొచ్చిన మనోళ్లకు ఈ దేశంలో సగం భాష ముందే వచ్చినట్టు. చూడ్డానికి వచ్చేవాళ్లకు ఇంగ్లీషు చాలు, అది కూడా ఇక్కడ అధికార భాషే.

ఇప్పుడు అందరూ ఫోటోలు దిగే వాలెట్టా సంగతి. సెయింట్ జాన్ నైట్లు అని ఒక సైనిక సన్యాసుల మఠం ఉండేది. యూరప్ దేశాల జమీందార్ల కొడుకులు. తుర్కులు 1522లో వాళ్లను రోడ్స్ దీవి నుంచి వెళ్లగొట్టారు. 1530లో స్పెయిన్ చక్రవర్తి ఐదో చార్లెస్ మాల్టాను వాళ్లకు ఇచ్చిండు. కిరాయి ఎంత? ఏడాదికి ఒక డేగ. దీవి మీద ఉన్న జనాన్ని ఎవరన్నా అడిగారా అంటే, అడగలేదు.

1565 మే నెలలో తుర్కుల నౌకాదళం వచ్చింది. 30 వేల మంది పైనే. లోపల నైట్లు సుమారు 500, మిగతా కొన్ని వేల మంది కిరాయి సైనికులు, ఎక్కువగా మాల్టా రైతులు, పడవలోళ్లు. సెయింట్ ఎల్మో అనే చిన్న కోట నాలుగైదు రోజుల్లో పడిపోతుందనుకున్నారు. సుమారు నెల రోజులు నిలబడింది. అది పడిపోయే లోపల తుర్కులు చాలా మందిని, డ్రాగుట్ అనే పేరుమోసిన సేనాపతిని పోగొట్టుకున్నారు. సెప్టెంబర్‌లో సిసిలీ నుంచి సాయం రాగానే ముట్టడి ఎత్తేశారు. సెప్టెంబర్ 8 ఇప్పటికీ ఇక్కడ జాతీయ సెలవు.

ముట్టడి పోయింది గాని మళ్లీ వస్తారని భయం. నైట్ల పెద్ద వాలెట్, ఆ కోట వెనకనున్న బోడి గుట్ట మీద కొత్త పట్నం కట్టాలన్నడు. 1566 మార్చి 28న పునాదిరాయి. పోపు తన ఇంజనీర్ లాపరెల్లిని పంపిండు. ఆయన గీసిన ప్లాను చూడండి: గళ్ల చీర లెక్క తిన్నని వీధులు, సముద్రపు గాలి ఊరంతా తిరిగేటట్టు. గుట్టను చదును చేయాలని మొదట అనుకున్నారు. తుర్కులు వస్తారేమోనన్న తొందరలో ఆ పని మధ్యలోనే ఆపేశారు. అందుకే ఇప్పుడు వాలెట్టా వీధులు ఎక్కుడు, దిగుడు, చాలా చోట్ల మెట్లే. మోకాళ్ల నొప్పులున్న పెద్దోళ్లను తీసుకొస్తే ముందే చెప్పండి. సైటు లెవెలింగ్ సగంలో వదిలేస్తే 450 ఏండ్ల తర్వాత కూడా జనం ఆయాసపడతారు, అది నాకు నచ్చిన పాఠం. లాపరెల్లి మూడేండ్లకు వెళ్లిపోయిండు. మిగతా కట్టింది ఆయన కింద పనిచేసిన మాల్టా మనిషి జిరోలామో కసార్. సెయింట్ జాన్ చర్చి ఆయనదే. బయట చూస్తే గోదాం అనుకుంటారు. లోపలికి పోతే కళ్లు చెదురుతాయి, గోడలంతా బంగారు పూత, కింద నైట్ల పాలరాతి సమాధులు. కారవాజియో 1608లో గీసిన పెద్ద బొమ్మ ఒకటి లోపల గదిలో ఉంది. టికెట్ కొని తప్పక చూడండి.

గైడ్లు నైట్ల పేర్లన్నీ చెప్తారు. ఒక సంగతి గబగబా దాటేస్తారు. ఈ నైట్లు సముద్రం మీద ఓడలు పట్టి, దొరికిన ముస్లింలను బానిసలుగా తెచ్చేవాళ్లు. వాలెట్టాలో బానిసల జైలు ఉండేది. తెడ్లు వేసింది వాళ్లు, కోట గోడలకు రాళ్లు మోసినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. 1798లో నెపోలియన్ వచ్చి నైట్లను వెళ్లగొట్టినప్పుడు గాని ఆ బానిసత్వం పోలేదు. ఆ ఫ్రెంచోళ్లు చర్చిల వెండి, బంగారం ఎత్తుకపోతుంటే మూడు నెలల్లోనే జనం తిరగబడ్డారు. 1800లో బ్రిటిష్ వాళ్లు దిగారు.

బ్రిటిష్ కాలం మనకు తెలిసిన కథే, ఎక్కువ చెప్పను. 1919 జూన్ 7న రొట్టె ధర పెరిగిందని వాలెట్టాలో జనం రోడ్డెక్కితే సైన్యం కాల్చింది, నలుగురు పోయారు. మన జలియన్‌వాలాబాగ్ జరిగి అప్పటికి రెండు నెలలు కాలేదు. 1964లో స్వాతంత్ర్యం, 1974లో గణతంత్రం. చివరి బ్రిటిష్ సైనికులు పోయింది 1979 మార్చి 31న. 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరారు, 2008 నుంచి యూరో. వాళ్లు వదిలిపెట్టిపోయినవి: ఎడమవైపు బండ్లు, మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్ర పోస్టు డబ్బాలు. అదే కాలంలో వచ్చిన సింధీ వ్యాపారులు మన దేశం నుంచి ఇక్కడికి ముందుగా వచ్చినోళ్లు.

యుద్ధం కాలం మాత్రం చెప్పాలి. 1940 నుంచి 42 దాకా జర్మనీ, ఇటలీ విమానాలు ఈ చిన్న దీవి మీద బాంబుల వాన కురిపించాయి. తిండి లేదు, నూనె లేదు. జనం రాతిలో సొరంగాలు తవ్వుకొని అందులో పడుకున్నారు. మెత్తటి రాయి గాబట్టి తవ్వగలిగారు. మోస్తా ఊర్లో ఒక గుమ్మటం చర్చి ఉంది. 1942 ఏప్రిల్ 9న సుమారు 300 మంది ప్రార్థనకు కూర్చుంటే బాంబు గుమ్మటం పగలగొట్టుకొని లోపల పడింది. పేలలేదు. దేవుడు కాపాడిండని వాళ్లంటారు, నేను కాదనను. కాని నన్ను ఆపింది ఆ గుమ్మటం కట్టిన తీరు. 1833లో మొదలుపెట్టి సుమారు 27 ఏండ్లు కట్టారు. పాత చర్చిని పగలగొట్టకుండా, అందులో పూజలు నడుస్తుండగానే, చుట్టూ కొత్తది లేపారు. ఊరోళ్లు ఆదివారాలు కూలి లేకుండా పనిచేశారు. గుమ్మటం లోపల 37 మీటర్ల వెడల్పు. మేస్త్రీ పేరు ఆంజెలో గాట్, చదువు రాదట, కింద పరంజా లేకుండానే గుమ్మటం మూసిండని ఊరోళ్లు చెప్పుకుంటారు. మా ఇంజనీర్‌కు చెప్తే నవ్విండు. నేను నవ్వలేదు.

సంస్కృతి అంటారా, ఎండాకాలంలో వారం వారం ఏదో ఒక ఊరి ఫెస్తా ఉంటుంది. మన జాతరే. సాధువు విగ్రహాన్ని భుజాల మీద మోస్తారు, బ్యాండు, పటాకులు, రెండు బ్యాండ్ క్లబ్బుల నడుమ పంతాలు. పొద్దున పస్తీత్సి తినండి, లోపల జున్ను లేదా బఠానీ పెట్టిన పొరల పఫ్. మాంసం తినేవాళ్లు కుందేలు కూర అడగండి. మర్సష్‌లోక్‌లో పడవల ముక్కుకు రెండు పక్కల కండ్లు గీసి ఉంటాయి, దిష్టి తగలకుండా. గోజోకు పడవ పోయేటప్పుడు డబ్బులు అడగరు, వచ్చేటప్పుడు తీసుకుంటారు. గోజోలో "అజూర్ విండో" అని పాత ఫోటోలు చూసి వెతకొద్దు. ఆ రాతి కమాను 2017 మార్చి 8న తుఫానుకు సముద్రంలో కూలిపోయింది.

ఇప్పుడు అసలు ముచ్చట, నీళ్లు.

నది లేని దేశంలో మనుషులు ఎట్ల బతికారు? వాన నీళ్లతో. రాతిలో గంట ఆకారంలో బాయి తవ్వుతారు, మూతి చిన్నది, కింద వెడల్పు. ఇంటి కప్పు మీద పడ్డ చుక్క చుక్కా అందులోకే. దాన్ని "బీర్" అంటారు, తాగే బీరు కాదు, అరబ్బీలో కూడా బాయికి అదే మాట. బిర్‌జెబ్బూజా అనే ఊరి పేరుకు ఆలివ్ చెట్ల బాయి అని అర్థం. వాలెట్టా కట్టినప్పుడే రూలు పెట్టారు, ప్రతి ఇంటికీ కింద బాయి ఉండాలి, మురుగు కాల్వకు కలపాలి. అది సాలక 1610 నుంచి 1615 దాకా 15 కిలోమీటర్ల పైన కాల్వ కట్టి, కొన్ని చోట్ల కమాన్ల మీదుగా, కొండదిక్కు ఊటల నీళ్లు వాలెట్టాకు తెచ్చారు. ఆ కమాన్లు ఇప్పటికీ బస్సులోంచి కనపడతాయి. ఇప్పుడు తాగే నీళ్లలో ఎక్కువ భాగం సముద్రపు నీళ్లను శుద్ధి చేసినవే.

1902లో పావ్లా అనే ఊర్లో కొత్త ఇండ్లు కడుతుండగా కూలీలు ఇట్లాంటి బాయే తవ్వుతున్నారు. గునపం కింద నేల బోలుగా మోగింది, లోపలికి పోయింది. కింద గదుల మీద గదులు, మూడు అంతస్తులు. వేల ఏండ్ల కిందటి భూగర్భ శ్మశానం, సుమారు 7 వేల మంది ఎముకలు. దాన్నే హల్ సఫ్లీనీ హైపోజియం అంటారు. భూమి మీది గుడుల గుమ్మాలను అచ్చం అట్లనే కింద రాతిలో చెక్కారు. ఆ కూలీలు ఏం చేశారంటే, కొన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు. పని ఆగుతుందని దాచిపెట్టారు. పుస్తకాల్లో చదివినోళ్లు అయ్యో అంటారు. నేను అనలేను.

ఎందుకంటే రెండేండ్ల కింద మా సైటులోనే జరిగింది. పాత ఇల్లు తీసేసి బేస్‌మెంట్ తవ్వుతున్నం. జేసీబీ బకెట్ కింద బండ కుంగింది. లైటు వేసి చూస్తే గంట ఆకారం బాయి. గోడకు నున్నగా గిలాబు, పక్కన దిగడానికి కాలు పెట్టే గుంతలు. ఎవడో ఒకడు ఎన్నో ఏండ్ల కింద చీకట్లో కూర్చొని చెక్కిన ఉలి గుర్తులు. పైనున్నాయన ఫోన్లో "మట్టి పోసెయ్, తర్వాత మాట్లాడుదాం" అన్నడు. ఇక్కడ చట్టం ప్రకారం పాతది ఏది దొరికినా చెప్పాలి, పని ఆపాలి. నా కింద పద్నాలుగు మంది. పని ఆగితే వాళ్లకు రోజు లేదు. ఊర్లో అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి వచ్చినోళ్లే సగం మంది. నేను గట్టు మీద కూర్చొని ఒక సిగరెట్ అయ్యేదాకా ఆలోచించిన. మా నాయిన బండ మీద సుత్తి కొట్టి చెవి పెట్టుడు యాదికొచ్చింది. ఫోటో తీసి మా పెరిట్‌కు, అంటే ఇక్కడి ఇంజనీర్‌కు, పంపిన.

అధికారులు వచ్చారు, కొలిచారు, ఫోటోలు తీశారు. హైపోజియం ఏం కాదు, మామూలు నీళ్ల బాయి. పన్నెండు రోజులు పని ఆగింది. తర్వాత బాయిని కదపకుండా పైన స్లాబ్ మార్చుకొని కట్టమన్నారు. పైనున్నాయన నాలుగు నెలలు నాతో సరిగ్గ మాట్లాడలేదు, అది నాకు లెక్కలేదు. జగిత్యాల దిక్కు తమ్ముడు ఒకడు ఉన్నడు. ఆ పన్నెండు రోజుల జీతం కోతతో వాడు ఆ నెల ఇంటికి డబ్బులు పంపలేకపోయిండు. "నీళ్ల గుంత కోసం మా నోట్లో మట్టి కొట్టినవ్ గదన్నా" అన్నడు. వాని మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. నా జేబులోంచి కొంత ఇవ్వబోతే తీసుకోలేదు.

హైపోజియం చూడాలంటే నెలల ముందే ఆన్‌లైన్లో టికెట్ తీసుకోవాలి. మనుషుల ఊపిరికే లోపలి గోడల రంగు పాడవుతుందని ఒక్కసారికి పది మందినే పంపుతారు. ఫోన్లు, కెమెరాలు బయటే పెట్టాలి. ఇక్కడ ఆరేండ్లున్నా నేనే ఇంతవరకు లోపలికి పోలేదు, ఎప్పుడూ ఆదివారాల టికెట్లు అయిపోయి ఉంటయి. ఫిబ్రవరిలో బావవాళ్లు మళ్లీ వస్తామన్నారు, ఈసారి నాలుగు రోజులు. నిన్న కూర్చొని ఒక ఆదివారానికి టికెట్లు తీసిన. బావకు, చెల్లెకు, నాకు, ఇంకొకటి జగిత్యాల తమ్మునికి. వానికి ఇంకా చెప్పలేదు.